ఓరిన్ తోముడు యంత్రం మార్చిన ఏడు

లార్క్ బ్యూట్‌లో కుక్క తప్పిపోయినా, ఆవు కంచె దాటినా ముందు ఓరిన్ ట్వేట్‌కే ఫోన్ వెళ్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళు బడి బస్సు నడిపిన మనిషి. ఏ పొలం గేటు ఏ గాలికి తెరుచుకుంటుందో, ఏ వంతెన మీద ముందు మంచు గడ్డకడుతుందో మోంటానాలో ఆ మూలన ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. బస్సు దిగి నాలుగేళ్ళయినా పొద్దున్నే లేవడం మానలేదు. లేచి కాఫీ పెట్టుకుని, తన బస్సెక్కిన పిల్లల పేర్లు వరసగా తలుచుకుంటూ ప్రార్థన చేసుకుంటాడు. ఆ పిల్లల్లో కొందరికి జుట్టు నెరుస్తోంది. ఆయన ప్రార్థనలో మాత్రం వాళ్ళింకా టిఫిన్ డబ్బాలు పట్టుకునే నిలబడి ఉంటారు.

ఆయనకి తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న పిచ్చల్లా ఒక్కటే, ఖాళీ తూటాలు మళ్ళీ నింపడం. పేలిన తూటాలో మందు కాలిపోతుంది, గుండు పోతుంది, ఇత్తడి తొడుగు మిగులుతుంది. దాన్ని పారెయ్యడం అన్నం పారేసినంత తప్పు అంటాడు ఓరిన్. అడుగున కాలిపోయిన నిప్పుబిళ్ళ పొడిచి తీసి, తొడుగు తోమి, కొత్త బిళ్ళ పెట్టి, తూచి మందు పోసి, కొత్త గుండు బిగిస్తే అది మళ్ళీ తూటా. ఊళ్ళో సగం ఇళ్ళలో తాతల నాటి తుపాకులే. వాటికి సరిపోయే తూటాలు కొట్లలో రావడం ఎప్పుడో మానేశాయి. అందుకని నవంబరులో జింకల వేట అయ్యాక కాఫీ డబ్బాల్లో ఖాళీ తొడుగులు ఓరిన్ గుమ్మంలోకి వచ్చి పడతాయి. మళ్ళీ వేట నాటికి నిండిన తూటాలై వాళ్ళిళ్ళకి వెళ్తాయి. కూలి తీసుకోడు. ఎవరో ఆపిల్ పై కాల్చి పంపుతారు, ఎవరో చోక్‌చెర్రీ జామ్ సీసా పెట్టి వెళ్తారు.

ఆయన నింపిన తూటాలు మెరుస్తాయని ఊరంతటికీ పేరు. "మా చర్చిలో దీపస్తంభాల కన్నా నీ తూటాలే నయమయ్యా" అని పాస్టరుగారే ఒకసారి అన్నారు. ఆ మాట ఓరిన్ పైకి నవ్వేసి ఊరుకున్నాడు గానీ లోపల చాలాకాలం దాచుకున్నాడు.

ఆయన భార్య లవాన్ ఇంట్లో పిల్లల్ని చూస్తుంది. పనులకి వెళ్ళే తల్లుల బిడ్డలు నలుగురు పొద్దున వస్తారు, సాయంత్రం వెళ్తారు. అందుకే లవాన్ పెట్టిన కట్టుబాటు గట్టిది. తుపాకీ గానీ, మందు గానీ, గుండు గానీ ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు. అన్నీ పెరట్లో గరాజులోనే, రెండు తాళాల వెనకాలే. తనిఖీకి వచ్చిన రాష్ట్ర ప్రభుత్వం మనిషి కూడా ఆ తాళాలు చూసి మెచ్చుకుంది.

గరాజులో తోముడు పని చేసేది ఒక పాత వణుకుడు గిన్నె. పసుపుపచ్చ ప్లాస్టిక్ గిన్నె, కింద మోటారు. అందులో అక్రోటు చిప్పల్ని దంచిన నూక పోసి, తొడుగులు పడేసి, మీట నొక్కితే మధ్యాహ్నమంతా కందిరీగల తుట్టెలా గుయ్యిమంటూ వణుకుతుంది. నూక తొడుగులకి ఒరుసుకుని మసి రాలుస్తుంది. ఆ తర్వాత ఓరిన్ అన్నీ జల్లెట్లో పోసి కుదిపేవాడు. బూడిదరంగు దుమ్ము లేచేది. రెండు తుమ్ములు తుమ్మి, తలుపు తీసి, మళ్ళీ కుదిపేవాడు.

పది పదిహేను సార్లు వాడాక నూక నల్లబడి పని చెయ్యదు. పారెయ్యడానికి ఓరిన్‌కి చెయ్యి రాలేదు. రెండు చలికాలాల కిందట ఆయనకో ఉపాయం తోచింది. ఇంటి ముందు మెట్లమీద మంచు అద్దంలా గడ్డకడుతుంది. పిల్లల్ని చంకనెత్తుకుని తల్లులు ఎక్కుతుంటే చూసేవాళ్ళకే గుండె జారేది. ఉప్పు చల్లితే కాంక్రీటు తినేస్తుంది, కుక్కల పాదాలు మండుతాయి. అదే ఈ నూక చల్లితే బూటు అడుగున కరకరమని పట్టు దొరుకుతుంది. ఆ మాటెవరికీ చెప్పలేదు. తెల్లవారకముందే బొక్కెన పట్టుకుని వెళ్ళి, మెట్టు మెట్టుకీ విత్తనాలు చల్లినట్టు చల్లి వచ్చేవాడు. ఆ రెండేళ్ళలో మెట్లమీద ఒక్కరు కూడా జారలేదు. దేవుడు తన చేత చేయించిన చిన్న మేలు అనుకుని తృప్తి పడ్డాడు.

ఫిబ్రవరిలో జూనీకి ఏడాది నిండింది.

జూనీ, బ్రెన్నా స్కార్ కూతురు. బ్రెన్నా కౌంటీవాళ్ళ మంచు తోసే బండి నడుపుతుంది. ఓరిన్ బస్సులో పన్నెండేళ్ళు ముందు సీట్లో కూర్చున్న పిల్లే. ఇప్పటికీ ఆయన్ని బడిపిల్లలానే "ట్వేట్ గారూ" అంటుంది. జూనీ తండ్రి చమురు బావుల పనికని డకోటా వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. బ్రెన్నా అమ్మమ్మ పోతూ పోతూ తన పాత ఇల్లూ, తన తుపాకీ ఆమెకే ఇచ్చి వెళ్ళింది. ఏడాదికో జింక కొట్టుకుంటే తల్లీకూతుళ్ళకి చలికాలం గడిచిపోతుంది. ఆ తుపాకీకి తూటాలు ఓరిన్ చేతివే.

ఏడాది నిండిన పిల్లలందరికీ చేసినట్టే జూనీకీ నెత్తురు పరీక్ష చేశారు. నెత్తుట్లో సీసం ఉందని తేలింది. మూడున్నర దాటకూడదట, జూనీకి ఏడు వచ్చింది.

కౌంటీ నర్సు మార్లిస్ ఆ వారమే వచ్చింది. మెల్లగా మాట్లాడే మనిషి. మందులు పట్టాల్సినంత కాదని, సీసం ఎక్కడ నుంచి వస్తోందో కనిపెట్టి ఆపితే దానంతటదే దిగుతుందని, ఆపకపోతేనే పిల్ల చదువుకీ బుద్ధికీ దెబ్బని చెప్పింది. లవాన్ ఇంట్లో గోడల రంగు చూసింది, కుళాయి నీళ్ళు పరీక్షకి పట్టింది. ఏమీ లేదు. ఆ ఇల్లు కట్టింది సీసం రంగులు పోయాకే. మిగతా ముగ్గురు పిల్లలకీ పరీక్ష చేశారు, వాళ్ళకీ ఏమీ లేదు.

ఇక మిగిలింది బ్రెన్నా ఇల్లు. వందేళ్ళ నాటి చెక్క ఇల్లు. కిటికీలకి పొరలు పొరలుగా పాత రంగు. గోకిన చోటల్లా సీసమే.

"ఇంకేముంది, ఆ ఇంటివల్లే" అంది ఊరు. ఎవరూ చెడ్డగా అనలేదు. చర్చిలో ఆడవాళ్ళు క్యాసరోల్ వంటకం చేసి బ్రెన్నా ఇంటికి పంపారు. ఒకాయన తన ఇంట్లో ఖాళీ గది ఉందన్నాడు. కానీ జాలి కూడా ఒక్కోసారి వేలెత్తి చూపినట్టే ఉంటుంది. గ్రేట్ ఫాల్స్ పట్నంలో ఒక కొత్త అపార్ట్‌మెంటు చూసుకున్నానని, నెలాఖరుకి ఇల్లు అమ్మకానికి పెట్టి వెళ్ళిపోతానని బ్రెన్నా లవాన్‌తో చెప్పింది.

"ఉద్యోగమో?" అంది లవాన్.

"ఏదో చూసుకుంటానండీ. అమ్మమ్మ ఇల్లని పట్టుకు కూర్చుని నా పిల్లకి నేనే విషం పెట్టుకున్నాను."

ఆ మాట వంటింట్లో గిన్నెలు తుడుస్తున్న ఓరిన్ చెవిన పడింది. పాపం పిల్ల, అనుకున్నాడు. ఆ రాత్రి ప్రార్థనలో ఆమె పేరు రెండుసార్లు తలిచాడు.

మర్నాడు తెల్లవారుజామున ఎప్పటిలాగే బొక్కెన తీసుకుని మెట్లమీద నూక చల్లాడు. ఎనిమిదింటికి బ్రెన్నా వచ్చింది. చేతిలో జూనీ. గుమ్మం లోపల బూట్లు విడిచి, చాపమీద పిల్లని దింపి, లవాన్‌తో మాట్లాడుతోంది. జూనీ ఇంకా నడవడం లేదు, పాకుతుంది. పాకుతూ పోయి తల్లి బూటు పట్టుకుంది. బూటు అడుగున అంటుకున్న నల్లటి నూక గింజ ఒకటి బుల్లి వేళ్ళతో తీసి, శ్రద్ధగా చూసి, నోట్లో పెట్టుకుంది.

ఓరిన్ చేతిలో కాఫీ కప్పు అలాగే ఆగిపోయింది.

నూక నల్లబడింది మసివల్ల. మసి వచ్చింది నిప్పుబిళ్ళ నుంచి. నిప్పుబిళ్ళలో సీసం ఉంటుందని నింపుడు పని నేర్చుకున్న మొదటి రోజు నుంచీ ఆయనకి తెలుసు. మిగతా ముగ్గురూ నడిచే పిల్లలు. నేలమీద బతికేది జూనీ ఒక్కతే.

"లవాన్, పిల్ల నోట్లో ఏదో ఉంది చూడు" అన్నాడు.  లవాన్ వేలు పెట్టి తీసేసి, "మట్టి" అని తుడిచేసింది.

ఆ రోజంతా ఓరిన్ గరాజులో స్టూలు మీద కూర్చున్నాడు. రేడియోలో చినూక్ వస్తోందని చెబుతున్నారు. కొండల మీంచి దిగే ఆ వెచ్చటి గాలి ఒక్క పూటలో మోకాలి లోతు మంచు కరిగించేస్తుంది. గురువారానికి మెట్లు కడిగినట్టయిపోతాయి. నర్సు మళ్ళీ వచ్చేది వచ్చే మంగళవారం. చాప ఒకటి దులిపేస్తే చాలు. నూక మానేస్తాడు, పిల్లకి నయమవుతుంది, ఎవరికీ తెలియదు. ఈ ఆలోచన పూర్తిగా వచ్చాక, అందులో బ్రెన్నా ఎక్కడుందో వెతికాడు. గ్రేట్ ఫాల్స్‌లో ఉంది. ఉద్యోగం లేకుండా, ఇల్లు లేకుండా, తన పిల్లకి తానే విషం పెట్టానన్న మాట మోసుకుంటూ.

సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక లవాన్‌కి చెప్పాడు. ఆమె బంగాళాదుంపలు చెక్కుతోంది. విని కత్తి కింద పెట్టింది.

"రెండేళ్ళ నుంచీనా?"

"రెండేళ్ళ నుంచీ."

"ఆ చాప నేను రోజూ దులిపానయ్యా. ఇంట్లోనే దులిపాను, బయట చలి అని." కాసేపు తన చేతులవైపు చూసుకుంది. "నాకెందుకు చెప్పలేదు మెట్లమీద ఏం చల్లుతున్నావో?"

"మేలే కదా, చెప్పుకోవడం ఎందుకని."

"మేలు దాచుకుని మరీ చేస్తావు, ఘనుడివి! నాకు ఒక్క ముక్క చెప్పుంటే ఏం చల్లుతున్నావని అడిగేదాన్ని కాదూ?" కళ్ళు తుడుచుకుంది. తర్వాత పొయ్యి ఆర్పేసింది. "కోటు వేసుకో. ఆ పిల్లకి చెప్పి వచ్చాకే నీకు భోజనం. చల్లారిపోతే మళ్ళీ వేడిచేస్తాను, పో."

బ్రెన్నా వంటింట్లో కిటికీలకి ప్లాస్టిక్ కట్టి ఉంది. మూల అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. ఒక పెట్టెమీద 'అమ్మమ్మ పళ్ళేలు' అని రాసి ఉంది. జూనీ ఎత్తుకుర్చీలో కూర్చుని బఠాణీలు తింటోంది. ఓరిన్ గుమ్మం బయటే బూట్లు విప్పి, మేజోళ్ళతో లోపలికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"తల్లీ, నీ ఇంటివల్ల కాదు. నావల్ల" అని మొదలుపెట్టి, నూక సంగతి అంతా చెప్పాడు. సంజాయిషీ ఒక్కటి కూడా కలపకుండా చెప్పాడు. దారిలో వస్తూ అదే ప్రార్థించుకున్నాడు, సంజాయిషీ నోటికి రాకూడదని.

బ్రెన్నా జూనీ ముందున్న బఠాణీల గిన్నె తీసి పక్కన పెట్టింది. మాట్లాడినప్పుడు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకి కొంచెం తేలిగ్గా ఉండేది.

"మూడు వారాలుగా నేను నిద్రపోలేదు, తెలుసా? ఈ గోడల్ని తిట్టాను. పోయిన మనిషిని, మా అమ్మమ్మని తిట్టాను."

"తెలుసు తల్లీ."

"మీకేం తెలీదు. మీరు వెళ్ళండి ట్వేట్ గారూ. ఇప్పుడు నేనేమన్నా అంటే తర్వాత నాకే బాధ."

ఆయన వెళ్ళిపోయాడు. ఆ రాత్రి లవాన్ వేడిచేసిన భోజనం ఆయన తినలేకపోయాడు. ఆమే ముందు నాలుగు ముద్దలు తిని, "నేను తిన్నాను కదా, నువ్వూ తిను" అంటే తిన్నాడు.

పొద్దున్నే మార్లిస్‌కి తనే ఫోన్ చేశాడు. ఆమె వచ్చి చాప, బూట్ల మూల, మెట్లు అన్నీ తడిగుడ్డలతో అద్ది పరీక్షకి పంపింది. ఓరిన్ చెప్పిందే తేలింది. లవాన్ పిల్లల పనికి నెల రోజులు తాళం పడింది. ఆ నెలలో ఓరిన్‌కి లోకం మీద ఉన్న నమ్మకం తగ్గలేదు, పెరిగింది. మిగతా ముగ్గురు పిల్లల తల్లులూ తడిగుడ్డలు పట్టుకుని వచ్చి, నేల మూల మూలా తుడిచిపెట్టారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఒకామె మాత్రం వెళ్తూ వెళ్తూ, "నా బూట్లు జారకుండా చూశావు ఓరిన్, అది కూడా నేను మర్చిపోలేదు" అంది. ఆయన గరాజులోకి వెళ్ళి తలుపు వేసుకుని కాసేపు ఉండి వచ్చాడు.

మార్లిస్ ఆయన నెత్తురు కూడా పరీక్ష చేయించింది. పంతొమ్మిది వచ్చింది.

"ఆ దుమ్ము పీల్చి పీల్చి ఇంత చేసుకున్నావు. తుమ్ములొచ్చేవా?"

"వచ్చేవి."

"ముక్కు ముందే చెప్పిందన్నమాట. నువ్వు వినలేదు" అందామె.

వణుకుడు గిన్నె, జల్లెడ, నూక అన్నీ కౌంటీవాళ్ళు మూటకట్టి పట్టుకుపోయారు. ఇక తూటాలు నింపనని ఓరిన్ లవాన్‌తో అన్నాడు.  గుమ్మంలోకి వచ్చిన కాఫీ డబ్బాలు ఆమె మాత్రం తిప్పి పంపెయ్యలేదు, గరాజులో వరసగా పేర్చింది.

ఏప్రిల్ మొదట్లో ఒక శనివారం బ్రెన్నా కారు వచ్చి ఆగింది. అన్నాళ్ళూ ఆమె జూనీని తన పెద్దమ్మ ఇంట్లో వదిలి పనికి వెళ్తోంది. గ్రేట్ ఫాల్స్ అపార్ట్‌మెంటు వాళ్ళని జూనీ రెండో పరీక్ష దాకా ఆగమందని ఊళ్ళో విన్నారు. నెత్తురు దిగితే ఇల్లు నిలుపుకుంటుంది. దిగకపోతే తప్పు ఆ ఇంట్లోనూ ఉన్నట్టే, వెళ్ళిపోతుంది.

ఆమె కారు దిగలేదు. అద్దం దించి, పక్క సీటు మీద ఉన్న సంచీ చూపించింది. అమ్మమ్మ తుపాకీ ఖాళీ తొడుగులు, ఇరవై మూడు.

"ఎక్కండి. డెల్బర్ట్ కొట్టుకి వెళ్దాం."

"నేను మానేశాను తల్లీ."

"నవంబర్లో నాకు తూటాలు ఎవరు చేస్తారు? దేవదూతలా? ఎక్కండి. తోముడు యంత్రం మీరు ఎంచుకోండి. పక్కన నిలబడి ప్రశ్నలు నేనడుగుతాను."

అరవై మైళ్ళ దారిలో ఇద్దరూ రోడ్డు గురించే మాట్లాడుకున్నారు. ఎక్కడ గుంట పడింది, ఎవరు ఎప్పుడు పూడుస్తారు. ఇద్దరూ ఆ రోడ్డు మీద బతికినవాళ్ళే కాబట్టి మాటలకి కొదవ లేకపోయింది.

డెల్బర్ట్‌కి తుపాకుల కొట్టు, పెద్ద నోరు రెండూ ఉన్నాయి. "రావయ్యా బస్సాయనా! నీ పసుపుపచ్చ గిన్నె ఇన్నాళ్ళకి స్వర్గానికి పోయిందా? నాకన్నా ముందు పుట్టిందది. ఇదిగో, దాని మనవడు" అని కొత్త వణుకుడు గిన్నె తెచ్చి బల్లమీద పెట్టాడు. "ఇంతకన్నా మెరుపు ఏదీ ఇవ్వదు. పైన మూత కూడా ఉంది."

"మూత తియ్యకుండా తొడుగులు బయటికి వస్తాయా?" అంది బ్రెన్నా.

"మూత తియ్యాలి కదమ్మా."

"తీస్తే దుమ్ము?"

"పాత గుడ్డముక్క ఒకటి నూకలో పడేస్తే సగం పీల్చేస్తుంది."

"మిగతా సగం ఎవరు పీలుస్తారు?"

డెల్బర్ట్ ఓరిన్ వంక చూశాడు, ఈమె నీకేమవుతుందన్నట్టు. ఓరిన్ గిన్నె పక్కకి జరిపి, "తడిది చూపించు" అన్నాడు.

తడిది ఒక పడుకోబెట్టిన డబ్బా. లోపల రబ్బరు పూత. నీళ్ళు, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు, తొడుగులు వేసి మూత బిగిస్తే రెండు రోలర్ల మీద దొర్లుతూ ఉంటుంది. దుమ్ము లేవదు, మసంతా నీళ్ళలోనే ఉండిపోతుంది. దానితోపాటు బియ్యపు గింజంత ఉక్కు పిన్నులు ఒక సంచీ ఇస్తారు. అవి తొడుగు లోపలికి దూరి గోకి, కొత్తదానిలా చేస్తాయి.

"ఎన్ని పిన్నులుంటాయి?" అంది బ్రెన్నా.

"లెక్కపెట్టలేదు. వేలల్లో."

"ఒకటి కిందపడితే?"

"అయస్కాంతంతో ఏరుకోవాలి." డెల్బర్ట్ గొంతు కొంచెం తగ్గింది. "తొడుగు మూతిలో రెండు ఇరుక్కుంటే మాత్రం చూసుకోకుండా నింపకూడదు."

ఓరిన్ గుప్పెడు పిన్నులు అరచేతిలో పోసుకుని చూశాడు. వెండి గింజల్లా ఉన్నాయి. బల్లమీద నమూనాకి పెట్టిన తొడుగు తీసుకుని కిటికీ వెలుగులో తిప్పాడు. లోపలా బయటా బంగారంలా ఉంది. ఇంత మెరుపు తన చేతిలో కూడా ఎప్పుడూ రాలేదు. పాస్టరుగారి మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు సిగ్గేసింది. రెండేళ్ళు అంత నూక నల్లబడేదాకా అన్ని గంటలు గిన్నె తిప్పింది దేనికి? తూటా పేలడానికి మసి పోతే చాలు. మిగతా గంటలన్నీ మెరుపు కోసం.

"పిన్నులు లేకుండా తిప్పితే ఏమవుతుంది?" అన్నాడు.

"ఎవరూ తిప్పరు అలా."

"ఏమవుతుందో చెప్పు."

"బయట శుభ్రమవుతుంది. లోపల కొంచెం మసి మిగులుతుంది. పేలడానికి పేలుతుందనుకో, కానీ మెరవదు. చిల్లర పైసాలా మట్టిగా ఉంటుంది. నీ పేరేం కాను?"

"మెరవకపోతే జింకకేమన్నా తెలుస్తుందా డెల్బర్ట్?"

బ్రెన్నా ఫక్కున నవ్వింది. ఫిబ్రవరి తర్వాత ఓరిన్ ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి. డెల్బర్ట్ పిన్నుల సంచీ వెనక్కి తీసుకుంటూ, "ముప్పై ఏళ్ళ కొట్లో ఇలాంటి బేరం చూడలేదు" అని గొణిగాడు.

"ఇది మరీ పెద్దది, ఆ చిన్న డబ్బా ఇవ్వు. ఆరబెట్టడానికి లవాన్ ఓవెన్లో కాసేపు—" అని ఓరిన్ నాలిక కరుచుకున్నాడు.  బ్రెన్నా ఆయన వంక ఊరికే చూసింది.

"ఎండలో" అన్నాడు ఓరిన్. "పాత తువ్వాలు పరిచి, ఎండలో. ఆ తువ్వాలు ఇంట్లోకి రాదు."

"మురికి నీళ్ళు?"

"పెరటి వెనక గుంటలో పోసెయ్, ఎవరు చూస్తారు?" అన్నాడు డెల్బర్ట్.

"నేను చూస్తాను" అంది బ్రెన్నా. "మూతున్న బొక్కెన్లో పట్టి ఉంచండి ట్వేట్ గారూ. జూన్లో కౌంటీవాళ్ళు పాత రంగులు, బ్యాటరీలు పట్టుకెళ్ళే రోజుంది. ఆ బండి నడిపేది నేనే."

"చలికాలంలో గరాజులో నీళ్ళు గడ్డకడతాయి" అన్నాడు ఓరిన్, తనలో తను అనుకుంటున్నట్టు. "అయితే వేసవిలోనే చేస్తాను. తెచ్చిచ్చినవాళ్ళు ఆగుతారు."

మే నెల మొదటివారంలో ఎండ బాగా కాసిన రోజు చూసి చిన్న డబ్బా తిప్పాడు. ముందు బ్రెన్నా ఇచ్చిన ఇరవై మూడే వేశాడు. నిప్పుబిళ్ళలు కూడా తడిపాకే, చేతులకి రబ్బరు గ్లవ్స్ వేసుకుని పొడిచాడు. పని బట్టలు వేరు, పని బూట్లు వేరు, అవి గరాజు గడప దాటవు. డబ్బా గలగలమంటూ దొర్లింది. గంట తర్వాత తీస్తే నీళ్ళు నల్లగా, తొడుగులు మట్టిరంగులో ఉన్నాయి. శుభ్రంగా ఉన్నాయి. అందంగా లేవు. వాటిని తువ్వాలు మీద వరసగా పేర్చాడు. పక్కింటాయన కంచె మీంచి తొంగి చూసి, "ఏంటి ఓరిన్, కన్ను ఆనడం లేదా? మెరుపు ఏమైంది?" అన్నాడు.

"మానేశాను" అన్నాడు ఓరిన్, హాయిగా.

అదే నెల ఇరవయ్యో తారీకున జూనీకి రెండో పరీక్ష. ఫలితం వచ్చే రోజు లవాన్ రొట్టె చెయ్యడానికి పిండి కలిపి, అది పొంగే లోపల మళ్ళీ కలిపింది. ఓరిన్ ఇంటి చుట్టూ గడ్డి కోశాడు. కోసిన గడ్డే మళ్ళీ కోశాడు. తనకోసం ఏమీ అడగనని పొద్దున్నే దేవుడితో చెప్పుకున్నాడు. పిల్ల నెత్తురు ఒక్కటే అడిగాడు.

మూడింటికి బ్రెన్నా కారు వచ్చింది. ఈసారి దిగింది. జూనీని చంకనెత్తుకుని పెరట్లోకి నడిచి వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి, ఊరించకుండా చెప్పేసింది.

"రెండు. రెండు పాయింట్ ఒకటి."

లవాన్ పిండి చేతులతోనే మొహం కప్పుకుంది.

"ఇంకో మూడు నెలలకి మళ్ళీ చేస్తారట. కానీ దిగిందని, ఇక భయం లేదని మార్లిస్ అంది. కిటికీల రంగు ఈ వేసవిలో కౌంటీవాళ్ళు వచ్చి సరిగ్గా తీసేస్తారట. గ్రేట్ ఫాల్స్ వాళ్ళకి వద్దని చెప్పేశాను." ఊపిరి పీల్చుకుంది. "సోమవారం నుంచి దీన్ని మళ్ళీ ఇక్కడికి తీసుకురానా? మీకు చోటుందా?"

"చోటా? మూడు నెలలుగా దాని మంచం మడవలేదే నేను!" అంది లవాన్.

ఓరిన్ గడ్డి కోసే యంత్రం పక్కనే నిలబడి ఉన్నాడు. ఫిబ్రవరి నుంచి జూనీని ముట్టుకోలేదు. దూరం నుంచే చెయ్యి ఊపేవాడు, చేతులు వెనక కట్టుకునేవాడు. బ్రెన్నా ఆయన దగ్గరికి నడిచి, పిల్లని ముందుకి చాపింది.

"ఉండు తల్లీ, చేతులు కడుక్కొస్తాను" అని పరుగులాంటి నడకతో పెరటి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. సబ్బుతో మోచేతుల దాకా కడిగాడు. గోళ్ళు కడిగాడు. మళ్ళీ సబ్బు అందుకున్నాడు.

"ట్వేట్ గారూ" అని వెనక నుంచి బ్రెన్నా పిలిచింది. "చాలు. పిల్ల బరువుగా ఉంది, పట్టుకోండి."

తడిచేతులు చొక్కాకి తుడుచుకోబోయి ఆగాడు. గాలికే ఆరబెట్టుకుని జూనీని అందుకున్నాడు. అది ఆయన మొహం వంక కాసేపు సీరియస్‌గా చూసి, ఎవరో గుర్తొచ్చినట్టు ఆయన ముక్కు పట్టుకుంది.